గోల్కొండ ముట్టడి నాటి పూర్వీకుల జాడ తీయడం ఎలా

"మా పెద్దలు తానీషా కొలువులో ఉండేవారట", "ఔరంగజేబు దండు వచ్చినప్పుడు మావాళ్లు కోట వదిలి ఈ ఊరు చేరారట". హైదరాబాద్ చుట్టుపక్కల చాలా ఇళ్లల్లో ఇలాంటి మాట ఒకటి ఉంటుంది. దాన్ని కాగితం దాకా తీసుకెళ్లడం కొన్ని కుటుంబాలకు సాధ్యమే. కానీ ఎక్కువమంది 1687 దగ్గర వెతుకులాట మొదలుపెట్టి, ఫారసీ చరిత్రల్లో తమ ఇంటిపేరు లాంటిది కనబడగానే అక్కడినుంచి కిందికి గీత గీసుకుంటారు. ఆ గీత నిలవదు. ఇవాళ్టి మీ పేరునుంచి ఒక్కో తరం పైకి ఎక్కాలి. ప్రతి మెట్టుకూ ఒక ఆధారం చూపించాలి. మెట్టు విరిగిన చోట విరిగిందనే రాసుకోవాలి.

ముందు ఏ ముట్టడో తేల్చుకోండి

ఇంటి కథల్లో "ముట్టడి" అన్న మాట మూడు వేరు వేరు సంఘటనలను కలిపేస్తుంది. 1656 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఔరంగజేబు యువరాజుగా, దక్కన్ సుబేదారుగా వచ్చి గోల్కొండను చుట్టుముట్టాడు. షాజహాన్ ఆజ్ఞతో వెనుదిరిగాడు. అప్పటి రాజు అబ్దుల్లా కుతుబ్ షా. ఆ దెబ్బ తర్వాతే కోటకు నయా ఖిలా భాగం కలిసింది. రెండోది 1685: మొగలు సేన హైదరాబాద్ నగరంలోకి దిగి దోచుకుంది, చివరి కుతుబ్‌షాహీ రాజు తానీషా కోటలోకి వెళ్లిపోయాడు, నగరంలో ఉన్నవాళ్లు చేతికందింది పట్టుకుని చెల్లాచెదురయ్యారు. మరుసటి ఏడాది మార్చిలో తానీషా మంత్రులు అక్కన్న మాదన్నల హత్య. మూడోది అసలు ముట్టడి: 1687 జనవరి చివర మొదలై సెప్టెంబరు దాకా, సుమారు ఎనిమిది నెలలు సాగింది.

మీ ఇంటి కథలో మాదన్న బతికి ఉంటే అది 1686 మార్చికి ముందటి మాట. "నగరం కాలిపోయింది, పారిపోయాం" అని ఉంటే 1685 కావచ్చు. కరువు, వానలు, కోట లోపల తిండి లేకపోవడం, తలుపు తెరిచిన ద్రోహి ఉంటే అది 1687. ఆ ద్రోహి అబ్దుల్లా ఖాన్ పన్నీ. చివరిదాకా పోరాడి ఒళ్లంతా గాయాలతో దొరికినవాడు అబ్దుర్రజాక్ లారీ. ఈ రెండు పేర్లూ ఇప్పుడు అందరికీ తెలిసినవే కాబట్టి అవి కథలో ఉండటమే సాక్ష్యం కాదు. ఇటీవలి తరాల్లో ఎవరో చదివి కలిపి ఉండవచ్చు.

తరాల లెక్క

ఇప్పటినుంచి 1687కి దాదాపు 340 ఏళ్లు. తరానికి 28 ఏళ్లు వేసుకుంటే 12 తరాలు. అటూ ఇటూగా 11 నుంచి 14. పన్నెండో తరంలో మీకు కాగితం మీద 4096 పూర్వీకుల స్థానాలుంటాయి. వాటిలో ఎన్నో ఒకే మనిషి దగ్గర కలిసిపోతాయనుకోండి, మేనరికాలు చేసుకునే మన దగ్గర మరీను. అయినా అందరినీ వెతకడం కుదరదు. ఒకే శాఖను ఎంచుకోండి. అది తండ్రివైపే కానక్కర్లేదు. ఏ శాఖకు వతన్ (తరతరాల ఊరి కొలువు హక్కు), ఇనాం (దానంగా వచ్చిన భూమి), మాన్యం, గుడి లేదా దర్గా సేవ, పట్వారీగిరీ, దేశ్‌ముఖీ లాంటి హక్కు ఉండేదో ఆ శాఖను పట్టుకోండి. హక్కు ఉన్నచోట తగాదా ఉంటుంది, తగాదా ఉన్నచోట కాగితం పుడుతుంది.

ఇంట్లో దొరికేవి

పెద్దవాళ్లను అడిగేటప్పుడు "మన వంశం గురించి చెప్పండి" అంటే పురాణం వస్తుంది. చిన్న ప్రశ్నలు వేయండి: మీ తాత ఏ ఊళ్లో పుట్టాడు? ఆయన అన్నదమ్ములెందరు? భూమి ఏ చెరువు కింద? ఎవరు ఎవరికి దత్తత వెళ్లారు? ఇల్లరికం ఎవరు వచ్చారు? చివరి రెండు ప్రశ్నలు తప్పనిసరి. దత్తతలో ఇంటిపేరు, గోత్రం రెండూ మారతాయి. ఇల్లరికంలో కొన్ని ఇళ్లల్లో ఇంటిపేరు మారుతుంది, కొన్నింట్లో మారదు. తెగిపోయిన వంశవృక్షాలు చాలావరకు ఇక్కడే తెగుతాయి.

తద్దినాలు పెట్టే ఇళ్లల్లో తర్పణం చెప్పే పేర్లు రాసుకోండి. తండ్రి, తాత, ముత్తాత, మళ్లీ తల్లివైపు ముగ్గురు. పెళ్లిలో ప్రవర చెప్పేటప్పుడూ మూడు తరాలు వస్తాయి. కాబట్టి 1930లలో జరిగిన ఒక పెళ్లి లగ్నపత్రిక దొరికితే 1850ల మనిషి దాకా చేరవచ్చు. ముస్లిం కుటుంబాల్లో శజరా (వంశవృక్షం), నికానామా, ఖాజీ దగ్గరి సియాహా (నికాల నమోదు పుస్తకం) ఇదే పని చేస్తాయి.

తాత పేరు మనవడికి పెట్టే అలవాటు వల్ల వెంకటయ్య కొడుకు నరసయ్య, నరసయ్య కొడుకు వెంకటయ్య అంటూ తరాలు గుండ్రంగా తిరుగుతాయి. ఒక జత మాయమైనా, ఒకటి ఎక్కువైనా కంటికి తెలియదు. ప్రతి పేరు పక్కన భార్య పేరు, ఊరు, ఒక సంవత్సరం ఉండాల్సింది ఇందుకే.

కాశీ, గయ పండాల బహీలు (యాత్రికుల పేర్లు రాసే పుస్తకాలు) కూడా చూడండి. వెళ్లేముందు కులం, పాత తాలూకా, పూర్వపు ఊరు తెలిసి ఉండాలి. ఇప్పటి కాలనీ పేరు చెబితే వాళ్లేమీ తీయలేరు.

1950 నుంచి వెనక్కి: భూమి కాగితాలు

1954-55 ఖాస్రా పహాణీ (ఊరి భూముల, హక్కుదారుల పట్టిక) నుంచి మొదలుపెట్టండి. తహసీల్దారు కార్యాలయంలో నకలు అడగండి, లేదంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. సర్వే నంబరు తెలియకపోతే పట్టాదారు పేరు, గ్రామం, కుటుంబానికి గుర్తున్న పొలం పేరు రాయండి. అక్కడినుంచి సేత్వార్‌కు వెళ్లాలి. 19వ శతాబ్దం చివరి పాతికేళ్లలో నిజాం ప్రభుత్వం మొదలుపెట్టిన సర్వే సెటిల్‌మెంటులో ఊరూరికీ తయారైన మొదటి పట్టిక అది. ల్యాండ్ రికార్డుల శాఖలో ఉంటుంది. వసూల్ బాకీ, ఫైసల్ పట్టీ అనే రెవెన్యూ పట్టికలు కూడా అడగండి.

ఇక్కడ తెలంగాణవాళ్లు తడబడే చోటు ఒకటుంది. మీ ఊరు ఆ రోజుల్లో దివానీ (నేరుగా ప్రభుత్వం) కిందా, సర్ఫ్-ఎ-ఖాస్ కిందా, పాయిగా (నిజాం కొలువులోని పెద్ద ఉమరావుల జాగీరు) కిందా, మామూలు జాగీరు కిందా? హైదరాబాద్ చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా ఊళ్లు నిజాం సొంత ఖర్చుల సర్ఫ్-ఎ-ఖాస్‌వి. జాగీరు ఊళ్లలో రికార్డు జాగీర్దారు కచేరీలో ఉండేది, సర్వే కూడా ఆలస్యంగా జరిగింది. "మా ఊరికి పాత రికార్డే లేదు" అని తహసీల్ నుంచి జవాబొస్తే, రికార్డు వేరే దఫ్తర్‌లో ఉందేమో చూడాలి. 1949లో జాగీర్ల రద్దు తర్వాత కొన్ని కాగితాలు ప్రభుత్వానికి చేరాయి, కొన్ని ఇళ్లల్లోనే ఉండిపోయాయి.

1850కి అవతల: వతన్లు, ఇనాములు, అతియాత్

భూమి శిస్తు కట్టే మామూలు రైతు పేరు ఈ మెట్టు దగ్గర చాలాసార్లు ఆగిపోతుంది. హక్కుదారు కుటుంబాలకు మాత్రం దారి ఉంది. నిజాం కాలంలో ఇనాందారు చనిపోతే వారసుడు విరాసత్ (వారసత్వ) విచారణ గుండా వెళ్లేవాడు. ఆ ఫైలులో మొదటి సనదు (హక్కు పత్రం) ఎవరికి వచ్చింది, తర్వాత ఎవరెవరు అనుభవించారు అనేది వరసగా ఉంటుంది. తీర్పు పత్రాన్ని మున్తఖబ్ అంటారు. ఇవి అతియాత్ (సర్కారు ఇచ్చిన ఇనాముల) రికార్డులు. 1952లో హైదరాబాద్ అతియాత్ విచారణల చట్టం వచ్చాక నడిచిన కేసుల్లో పాత ఫైళ్లనే సాక్ష్యంగా దాఖలు చేశారు.

మున్తఖబ్ ఒక్కటి తీసుకుని తృప్తి పడకండి. మొత్తం ఫైలు అడగండి. అందులో ఊరి పెద్దల వాంగ్మూలాలు, పట్వారీ రాసిచ్చిన శజరా, ఎదుటిపక్షం అభ్యంతరం ఉంటాయి. ఎదుటిపక్షం కాగితమే మీకు ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే మీ శాఖ దాచిన దత్తతనో రెండో భార్యనో అది బయటపెడుతుంది. వేరేచోట ఎక్కడా కనిపించని ఆడవాళ్ల పేర్లు కూడా ఈ ఫైళ్లలోనే దొరుకుతాయి. వాటా అడిగిన కూతురు, దత్తత చేసుకున్న వితంతువు, అందరూ పేరుతో ఉంటారు.

భాష ఉర్దూ, దానికి ముందు ఫారసీ. దేశ్‌పాండ్యా కుటుంబాల కాగితాలు మోడీ లిపిలో (మరాఠీ గొలుసుకట్టు రాతలో) ఉండే అవకాశం ఎక్కువ. ఉర్దూ వచ్చినంత మాత్రాన ఇవి చదవలేరు. డబ్బు లెక్కలు సియాఖ్ గుర్తుల్లో ఉంటాయి. అవి మామూలు అంకెలు కావు, అరబ్బీ సంఖ్యావాచకాలను కుదించి గీసిన గుర్తులు. చదివేవారిని పెట్టుకునేటప్పుడు "సియాఖ్ వచ్చా?" అని ముందే అడగండి.

తార్నాకలో ఏముంది

మొగలు కాలానికి చేరాక మీకు ప్రపంచంలోనే అరుదైన సౌకర్యం సిటీ బస్సు దూరంలో ఉంది. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలాల దక్కన్ పాలనా పత్రాలు లక్షకు పైగా ఉన్నాయి. అవి చరిత్రకారుడు కూర్చుని రాసిన గ్రంథాలు కావు. రోజువారీ జీతాల రసీదులు, హాజరు పట్టీలు, ఆజ్ఞల నకళ్లు. మామూలు మనిషి పేరు దొరకాలంటే ఇలాంటి చిల్లర కాగితాల్లోనే దొరకాలి.

వాటిలో మీకు పనికొచ్చేవి ఇవీ. అర్జ్-ఓ-చెహ్రా అంటే సవారు హుళియా (పోలికల) పత్రం: పేరు, తండ్రి పేరు, జాతి, ఊరు, ఒంటి రంగు, నుదురు, కనుబొమలు, మచ్చలు, గాయాలు, గుర్రం రంగు, దాని మీది ముద్ర. ఒకరి గుర్రం, ఒకరి జీతం ఇంకొకరు కాజేయకుండా ఈ ఏర్పాటు. మన పాలిట మాత్రం ఇది ఫొటో లేని గుర్తింపు కార్డు. ఖబ్జ్-ఉల్-వుసూల్ అంటే జీతం ముట్టిన రసీదు. యాద్‌దాష్త్ (జ్ఞాపిక), సియాహా (ఇక్కడ రోజువారీ నమోదు), పర్వానా (ఆజ్ఞాపత్రం) వీటిలో నియామకాలు, మంజూర్లు ఉంటాయి.

ఎవరికి అవకాశం ఉంది, ఎవరికి లేదు అనేది నిక్కచ్చిగా చెప్పుకుందాం. గుర్రపు సవారుకు, మన్సబ్‌దారుకు (మొగలు హోదా ఉన్న అధికారికి), గుమాస్తాకు, ఇనాందారుకు పేరుంటుంది. కాల్బలానికి చాలాచోట్ల పేరుండదు, తలల లెక్కే ఉంటుంది. ముట్టడిలో ఆకలితో, రోగంతో పోయినవాళ్ల జాబితా ఎవరూ రాయలేదు. మొగలువైపు పెద్దవాళ్లలో చనిపోయినవారి జాడ మాత్రం పదిలం. ఫిరంగి గుండు తగిలి 1687 ఆరంభంలో పోయిన ఖిలీచ్ ఖాన్ సమాధి హిమాయత్‌సాగర్ దగ్గర కిస్మత్‌పూర్‌లో ఇప్పటికీ ఉంది. ఆయన మనవడే తర్వాత మొదటి నిజాం. అదే ముట్టడిలో కందకం పూడ్చిన కూలివాడికి రాయి కూడా లేదు.

కోట లోపలి మనిషిని వెతికేవాళ్లు గోల్కొండ కాగితాల్లోనే వెతుకుతారు, అది చాలదు. ముట్టడి సాగుతుండగానే తానీషా సర్దారులు ఒక్కొక్కరే అటు చేరిపోయి మొగలు మన్సబులు పుచ్చుకున్నారు. 1689లో శంభాజీని పట్టుకున్న ముఖర్రబ్ ఖాన్ అంతకుముందు గోల్కొండ సర్దారు షేఖ్ నిజామే. లారీ కూడా గాయాలు మానాక మొగలు కొలువులో చేరాడు. సర్దారు వెంట అతని సవార్లూ పోతారు. కాబట్టి 1685 నుంచి 1690ల దాకా మొగలు పత్రాల్లో వెతకండి, సర్దారు పేరు మీద వెతకండి. మీ మనిషి ఎవరి దళంలో ఉండేవాడో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఇనాందారులకు ఇంకో దారి. రాజ్యం మారగానే పాత కుతుబ్‌షాహీ ఫర్మానా తీసుకొచ్చి చూపించి కొత్త పర్వానా పొందాలి. కొత్త పర్వానాలో పాత హక్కు వివరం మళ్లీ రాస్తారు. అలా 1690ల కాగితం ఒకటి ముట్టడికి ముందటి పేరును చెబుతుంది. కుతుబ్‌షాహీ ఫర్మానాల్లో కొన్ని ఫారసీ, తెలుగు రెండింటిలో ఉంటాయి. తెలుగు భాగం మీరే చదవగలరు, పాత గొలుసుకట్టుకు కొంచెం అలవాటు పడాలి అంతే.

వెళ్లేముందు దరఖాస్తు రాయండి: గుర్తింపు కార్డు నకలు, వెతికే కాలం, సర్కారు (అప్పటి జిల్లా లాంటిది), పరగణా (తాలూకా లాంటిది), వ్యక్తి పేరు. "మా వంశం కావాలి" అని రాస్తే సిబ్బంది ఏ కట్ట తీయాలో వాళ్లకే తెలియదు. ఊరు అప్పట్లో ఏ సర్కారులో ఉండేదో ముందే కనుక్కోండి. మొగలు హైదరాబాద్ సుబాలో గోల్కొండ ప్రాంతం మహమ్మద్‌నగర్ సర్కారు. మెదక్, కౌలాస్, కోయిలకొండ, ఘన్‌పురా, దేవరకొండ, నల్గొండ, భువనగిరి, పానగల్, వరంగల్, ఖమ్మం, ఎలగందుల వేరు వేరు సర్కార్లు. కొండపల్లి ముస్తఫానగర్ పేరుతో, కొండవీడు ముర్తజానగర్ పేరుతో ఉంటాయి. హైదరాబాద్ పేరు ముందు ముట్టడి తర్వాత "దారుల్ జిహాద్" అని చేరింది. "ఫర్ఖుందా బునియాద్" తర్వాతి కాలపు పత్రాల్లో కనబడే బిరుదు.

ఫారసీ చరిత్రల చేతిరాత ప్రతులు కావాలంటే ఉస్మానియా ప్రాంగణంలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం, సాలార్‌జంగ్ మ్యూజియం గ్రంథాలయం ఉన్నాయి. మొగలు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాసింది ముట్టడి వాతావరణం తెలుసుకోవడానికి బాగుంటుంది. అందులో మీ తాతల పేరు కోసం వెతకడం మాత్రం దండగ. ఆయన లెక్కలో సర్దారు కానివాడు మనిషి కాడు.

తెలుగు పేరు ఫారసీలో ఎలా మారుతుంది

వెతుకులాటలో ఎక్కువ సమయం తినేది ఇదే, కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం. పత్రాలు షికస్తాలో ఉంటాయి. అంటే అక్షరాలు విరిచి, కలిపి, చుక్కలు వదిలేసి రాసే గుమాస్తా దస్తూరి. ఆ లిపిలో ప, బ, త, న అక్షరాలకు మధ్యలో ఒకే పన్ను ఆకారం. తేడా చుక్కల్లోనే. చుక్కలు పోతే పాపయ్య, బాపయ్య, తాతయ్య, నానయ్య నలుగురూ ఒక్కటే. కాబట్టి చదివిపెట్టినవారు "తాతయ్య" అని రాసిస్తే, మీ వంశంలో పాపయ్య ఉన్నాడా అని చూడండి. పత్రం ఫొటో లేకుండా పేరు ఒక్కటే తీసుకోవద్దని చెప్పేది అందుకే.

హ్రస్వ అచ్చులు రాయరు. రెడ్డిలో ఒత్తు పోయి, డ కాస్తా ద అయి "రదీ"లా కనబడుతుంది. ణ, ళ లేవు. అన్న, అమ్మ, అప్ప చివర్లు "నా", "మా", "పా" అయిపోతాయి. ఫారసీ చరిత్రల్లో మాదన్న "మాద్నా" అయినట్టు. ఇంటిపేరు దాదాపుగా ఉండదు. దాని బదులు "వలద్" అని తండ్రి పేరు ఉంటుంది. అందువల్ల వెతకాల్సిన ముడి మూడు పోగులది: పేరు, తండ్రి పేరు, ఊరు. ఈ మూడింట్లో రెండే కలిస్తే అది అనుమానం, మూడూ కలిస్తే నమ్మకం. హోదా కూడా కలిస్తే ఇంకేం కావాలి.

ఆర్కైవ్స్‌కు వెళ్లేలోపు మీ శాఖలో తెలిసిన పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి, ఫారసీ వచ్చినవారితో ఒక్కోదానికి మూడు నాలుగు రాతలు రాయించుకోండి. చుక్కలతో ఒకటి, చుక్కలు లేకుండా ఒకటి. కట్టలు తిరగేసేటప్పుడు మీకు లిపి రాకపోయినా ఆకారం గుర్తుపడతారు.

చదివేవారికి ముందు ఒకే పేజీ ఇచ్చి చూడండి. మీకు కావాల్సింది మూడు: మూలాన్ని మామూలు ఫారసీ లిపిలో తిరగరాయడం, దాని ఉచ్చారణ తెలుగులో, తర్వాత అర్థం. అర్థం మాత్రమే ఇస్తానంటే వేరేవారిని చూసుకోండి. తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత తేల్చడానికి వేరే మార్గం ఉండదు.

తేదీలు: ఒకే రోజుకు ఆరు పేర్లు

కోట పడిన రోజును ఉదాహరణగా తీసుకుందాం. హిజ్రీలో 1098 జిల్‌ఖద 24. ఔరంగజేబు పాలనా సంవత్సరం 31. ఇంగ్లీషువాళ్లు అప్పటికింకా పాత క్యాలెండర్‌లో ఉన్నారు కాబట్టి 1687 సెప్టెంబరు 21. డచ్ కంపెనీ కొత్త క్యాలెండర్‌లో అదే రోజు అక్టోబరు 1. శాలివాహన శకం 1609. తెలుగు సంవత్సరం ప్రభవ. పది రోజుల తేడా చూసి ఇద్దరు వేరు వేరు మనుషులనీ, వేరు వేరు దాడులనీ అనుకోవద్దు.

ఇంగ్లీషు కాగితాల్లో ఇంకో మెలిక ఉంది. వాళ్ల కొత్త సంవత్సరం అప్పట్లో మార్చి 25న వచ్చేది. ముట్టడి మొదలైన జనవరి వాళ్ల లెక్కలో ఇంకా 1686. ఒక్కోచోట 1686/7 అని రాస్తారు, చాలాచోట్ల రాయరు.

హిజ్రీ మార్చడానికి సుళువు లెక్క: సంవత్సరాన్ని 0.97తో హెచ్చించి 622 కలపండి. 1098కి 1687 వస్తుంది. ఇది ఏడాది అటూ ఇటూ చూపిస్తుంది, తేదీకి పట్టిక చూడాల్సిందే. ఫసలీకి (నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరానికి) 590 కలపండి. నిజాం కాలపు ఫసలీ సంవత్సరం ఆజర్ నెలతో అక్టోబరులో మొదలయ్యేది, కాబట్టి జనవరి నుంచి ఆ ఫసలీ సంవత్సరం ముగిసేదాకా పడే తేదీలకు 591 కలపాలి. తెలుగు సంవత్సరం ఒక్కటే ఉంటే 60 ఏళ్ల పొరపాటు తప్పదు. ప్రభవ 1687లోనే కాదు, 1747లోనూ 1807లోనూ ఉంది. "ప్రభవలో మావాళ్లు వచ్చారు" అన్న తాటాకును ఇంకో ఆధారం లేకుండా ముట్టడికి కట్టకండి.

కులగాయకులు చెప్పే వంశావళి

రాతలో లేని కుటుంబాలకు తెలంగాణలో ఉన్న అసలు ఆధారం ఆశ్రిత కులాల నోటి లెక్క. గొల్లలకు మందెచ్చులవారు, రెడ్లకు పిచ్చకుంట్లవారు, పద్మశాలీలకు కూనపులి, సాధనాశూరులు, ముదిరాజ్‌లకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, గౌడులకు గౌడజెట్టీలు, మంగలివారికి అద్దపుసింగులు. పంట చేతికొచ్చాక మిరాశీ (తమకు హక్కున్న) ఊళ్ల మీదుగా తిరిగి కులపురాణం చెప్పి కట్నం తీసుకుంటారు. హైదరాబాద్‌కు వలసొచ్చిన కుటుంబం వీళ్లను ఇక్కడ వెతికితే దొరకరు. సొంత ఊరి కులపెద్దను అడిగితే ఏ మేళానికి ఆ ఊరి మీద హక్కుందో చెబుతాడు.

కట్నం ముందే మాట్లాడుకోండి. రికార్డు చేస్తామని చెప్పి ఒప్పించుకోండి. గోత్రం, ఇంటిపేరు, మూల గ్రామం, అక్కడినుంచి ఎటు కదిలారు, ఎన్ని ఇళ్లుగా చీలారు, ఇవి అడగండి. ఈ విషయాల్లో వాళ్ల జ్ఞాపకం గట్టిది. రాజుల పేర్లు, సంవత్సరాలు మాత్రం కథ నడకను బట్టి వస్తాయి, వాటిని తేదీలుగా రాయకండి. వాళ్ల దగ్గరున్న తామ్రశాసనం ఫొటో తీసుకోండి. అది వాళ్ల హక్కు గురించిన పత్రం, మీ వంశం గురించినది కాకపోవచ్చు. ఈ కళారూపాల గురించి ముందుగా తెలుసుకోవాలంటే వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది.

సముద్రం ఒడ్డు కాగితాలు

మీ శాఖ వ్యాపారులో, దుబాసీలో, నేతగాళ్ల పెద్దలో అయితే మచిలీపట్నం దారి పట్టండి. డచ్ కంపెనీ మచిలీపట్నంలోనూ గోల్కొండలోనూ మనుషులను పెట్టుకుంది. వాళ్ల ఉత్తరాలు హేగ్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. స్కాన్లు ఇంటర్నెట్‌లో ఉచితం, యంత్రంతో చదివించిన పాఠంలో పదం కొట్టి వెతకవచ్చు కూడా. ఇంగ్లీషు కంపెనీ మద్రాసు కోట డైరీలు అచ్చయ్యాయి. రెంటిలోనూ హైదరాబాద్‌ను గోల్కొండ అనో భాగ్‌నగర్ అనో వెతకాలి. పేర్ల వర్ణక్రమం రాసినవాడి చెవిని బట్టి ఉంటుంది, ఒకే ఉత్తరంలో రెండు రకాలు కనబడినా ఆశ్చర్యపడొద్దు. అప్పు పడ్డవాడి పేరు, సరుకు ఎగ్గొట్టినవాడి పేరు తప్పకుండా ఉంటాయి. బాకీ కట్టి బుద్ధిగా బతికినవాడి జాడ తక్కువ.

దొంగ సనదును పట్టుకోవడం

ఇనాముల విచారణల్లో హక్కు నిలబెట్టుకోవడానికి వెనకటి తేదీతో సృష్టించిన పత్రాలు కొన్ని మీ ఇంటి పెట్టెలోనే ఉండవచ్చు. మొదట ముద్ర చూడండి. ముద్రలోని హిజ్రీ సంవత్సరం అది చెక్కిన ఏడాది, కాబట్టి పత్రం తేదీకి ముందుదో, అదే ఏడాదిదో అయి ఉండాలి. పత్రం కన్నా ముద్ర కొత్తదైతే అక్కడే ఆగిపోండి. తర్వాత హిజ్రీ, పాలనా సంవత్సరం రెండూ పొసుగుతున్నాయా చూడండి. 31వ పాలనా సంవత్సరం 1098 రంజాన్‌తో మొదలవుతుంది. 1098 రజబ్ నెల, 31వ సంవత్సరం అని ఉంటే ఏదో తేడా ఉంది. తర్వాత బిరుదులు: 1690 నాటి పత్రంలో ఆసఫ్‌జాహీల కాలపు హోదాలు కనబడితే చెప్పాల్సింది ఏముంది.

వంశవృక్షానికీ ఇలాంటి పరీక్షే. మొత్తం ఏళ్లను తరాలతో భాగించండి. సగటు 20 కంటే తక్కువైతే అన్నదమ్ములను తండ్రీకొడుకులుగా పేర్చారు. 40 దాటితే తరాలు రాలిపోయాయి. "మీ వంశం 1600 దాకా తీసిస్తాం" అని డబ్బడిగేవారిని 1800 నుంచి 1850 మధ్య మనిషికి ఆధారం చూపమనండి. సాధారణంగా సంభాషణ అక్కడితో ముగుస్తుంది. డీఎన్‌ఏ పరీక్షలు దూరపు దాయాదులను కలపడానికి పనికొస్తాయి. ముట్టడిలో ఎవరు ఏ పక్షాన ఉన్నారో అవి చెప్పవు.

రాసి ఉంచడం

ఒక్కో మనిషికి ఒక్కో కాగితం. పేరు మూలంలో ఉన్నట్టే, తేదీ మూలం క్యాలెండర్‌లో, కింద మార్చిన తేదీ, పత్రం ఎక్కడుంది, కట్ట సంఖ్య, ఎవరు చదివారు. పక్కన మూడు గుర్తుల్లో ఒకటి: పత్రం ఉంది, పత్రం లేదు గానీ ఇద్దరు వేరు వేరుగా చెప్పారు, ఒక్కరే చెప్పారు. పత్రం దొరికినా పైతరానికి, కిందితరానికి ముడి పడకపోతే ఆ మనిషిని చెట్టులోకి ఎక్కించకుండా పక్కన విడిగా ఉంచండి. ఉదాహరణకు 1692 పర్వానాలో మీ ఊరి పట్వారీగా మీ గోత్రపు పేరున్న మనిషి కనబడి, మీ వరస 1790 దగ్గర ఆగిపోయిందనుకుందాం. అప్పుడు ఇలా రాయండి: "1692లో ఈ ఊరి పట్వారీ ఫలానా. అదే వతన్ 1790 నుంచి మా ఇంట్లో ఉంది. మధ్యలో సుమారు వందేళ్లు, మూడు నాలుగు తరాలు, తెలియవు." తర్వాత వెతికేవాళ్లు ఆ వందేళ్లలోనే వెతుకుతారు, మిగతాది మళ్లీ తవ్వక్కర్లేదు.